నలుగురి చెయ్యి పడిన బోల్టు

నేను పనిలో ఉన్నన్ని రోజులు అందరూ నాకు చెప్పిన మాట ఒక్కటే: నోరు తగ్గించి చేతులు ఆడించు. ఇప్పుడు అదే మనుషులు ఇంటికొచ్చి, నీ అనుభవాలు రాయి, పని నేర్చుకునే పిల్లలకు అక్కరకొస్తాయి అంటున్నారు. చేతులు ఆగిపోయాయి కదా, ఇక నోటికి అనుమతి వచ్చిందని నేను అర్థం చేసుకున్నాను. మోకాళ్ళు నన్ను బండి కింద పని చేసే గుంతలోకి దిగనిస్తాయి, ఎక్కనివ్వవు. మెకానిక్‌కు అంతకన్నా స్పష్టంగా ఎవరూ రిటైర్మెంటు చెప్పరు.

ముందే ఒక మాట. ఏడో తరగతిలో బడి నన్ను వదిలిందా, నేను బడిని వదిలానా అన్నది ఇప్పటికీ తేలలేదు. మేమిద్దరం మళ్ళీ కలుసుకోలేదు. కాబట్టి రాతలో తప్పులుంటే అవి నావి. ఇంజన్ సంగతుల్లో తప్పులుంటే మా ఉస్తాద్‌వి, ఎందుకంటే నాకు నేర్పింది ఆయనే.

మా షెడ్డు హుజూర్‌నగర్‌లో, మిర్యాలగూడ పోయే రోడ్డు మీద, రెండు రైస్‌మిల్లుల మధ్య ఉండేది. ఊక గాలికి లేచి ఇంజన్లలో, టీలో, మా ఉస్తాద్ మీసాల్లో సమానంగా పడేది. తెలంగాణ వచ్చింది. ఆ తర్వాత జిల్లాలు కూడా పంచారు. మేము నల్లగొండ జిల్లాలో పడుకుని సూర్యాపేట జిల్లాలో లేచాం. షెడ్డు గజం కూడా జరగలేదు, బోర్డు మీద జిల్లా పేరు మాత్రం రంగు మనిషి వచ్చి మార్చిపోయాడు. నేను చెప్పబోయేది ఆ మరుసటి ఏటి దసరా సంగతి. అది కూడా పంపకాల కథే.

కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి మాకు ఒక కారు వచ్చేది. పాత పెట్రోలు కారు. ఒక మిల్లు యజమాని దగ్గర పాతదైపోయాక, వరి బాగా పండిన ఏడు నలుగురు అన్నదమ్ములు కలిసి కొన్నారు. తర్వాత వాళ్ళు వేరు పడ్డారు. భూమి పంచుకున్నారు, బర్రెలు పంచుకున్నారు, బావిలో నీళ్ళు వంతులేసుకున్నారు, గడ్డివాము దగ్గర నిచ్చెన కూడా ఎవరికో పోయింది. కారును మాత్రం కోయలేకపోయారు. అందుకని సామాన్ల లెక్కన పంచుకున్నారు. ముందు టైర్లు పెద్దాయనవి. వెనుక టైర్లు రెండో ఆయనవి. బ్యాటరీ మూడో ఆయనది. హారను, వైపర్లు, స్టెప్నీ చిన్నాయనవి. ఎవరిది పాడైతే వాళ్ళే బాగు చేయించుకోవాలి. పెద్దాయనకు పరువు ఎక్కువ, రెండో ఆయనకు పొదుపు ఎక్కువ. దాంతో ఆ బండి ముందు నుంచి చూస్తే పెళ్ళికి పోతున్నట్టు, వెనుక నుంచి చూస్తే వేలానికి పోతున్నట్టు ఉండేది.

ఇంజన్ ఆయిలును మాత్రం ఎట్లా పంచుతారు? అది ఉమ్మడి. ఏడాదికొకసారి, దసరా ముందు రోజు, నలుగురూ కలిసి వచ్చి మార్పించుకునేవాళ్ళు.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పాలి, భయపడకండి. ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి ఉంటుంది. మేము దాన్ని చాంబర్ అంటాం. దాని కింద ఒక బోల్టు. అది విప్పితే పాత నూనె కారిపోతుంది, బిగించి పైనుంచి కొత్తది పోస్తాం. అంతే. అందులో కష్టం ఒక్కటే, బిగించేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలియడం. ఆ కారు చాంబర్ అల్యూమినియంది. బోల్టు ఇనుముది. ఆ రెండూ కొట్లాడితే ఎవరు గెలుస్తారో బడి మధ్యలో వదిలేసినవాడికి కూడా తెలుసు.

వేరు పడిన కొత్తలో ఒకసారి చిన్నాయన ఒక్కడే వచ్చి ఆయిలు మార్పించుకుపోయాడు. మట్టపల్లి జాతరకు పోతుంటే బోల్టు దగ్గర నూనె కారి, దారిలో బండి ఆగింది. బిగించిన చెయ్యి ఎవరిది అన్న దాని మీద ఇంట్లో పెద్ద గొడవ. ఊళ్ళో నలుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. తీర్పు ఏమంటే, ఇకనుంచి ఆ బోల్టు మీద అన్నదమ్ములు నలుగురి చెయ్యీ పడాలి, అప్పుడు ఎవరి మీదా మాట రాదు. నిజానికి నూనె కారింది బోల్టు కింద అరిగిపోయిన వాషరు వల్ల. కానీ వాషరును పంచాయితీకి ఎవరూ పిలవలేదు.

అప్పటి నుంచి అది వాళ్ళ ఇంటి ఆచారం. మా ఉస్తాద్ బోల్టును సరిగ్గా బిగించి గుంతలోంచి పైకి వచ్చేవాడు. ఆ తర్వాత అన్నదమ్ములు వయసు వరుసన ఒక్కొక్కరే దర్శనానికి దిగినట్టు గుంతలోకి దిగి, పానా పట్టుకుని ఒక్కో గుంజు గుంజి వచ్చేవాళ్ళు. పెద్దాయన శ్వాస బిగబట్టి గుంజేవాడు. రెండో ఆయన గుంత గోడకు కాలు తన్నిపెట్టి గుంజేవాడు. చిన్నాయన, అన్నలు చూస్తున్నారని, ఇద్దరి కంటే గట్టిగా గుంజేవాడు. మూడో ఆయన ఒక్కడే పానా మీద చెయ్యి ఆనించి వచ్చేసేవాడు. ఆ బోల్టు అన్నేళ్ళు బతికింది అంటే ఆయన పుణ్యమే.

"ఉస్తాద్, చెప్పరాదా, అంత గుంజొద్దని," అన్నాను నేను ఒక ఏడు.

"చెప్పిన. మా ఇంటి కట్టుబాటు అన్నరు. నేను మెకానిక్‌ని, పూజారిని గాను," అన్నాడాయన.

నేను చెప్పబోతున్న దసరా ఏడే, ఎండాకాలంలో మూడో ఆయన పోయాడు. పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే. ఆయన భార్యకు కారు నడపడం వచ్చు, మొగుడే నేర్పాడు. రోజులు గడవాలి కదా. బస్సు తన ఇష్టం వచ్చినప్పుడు తిరిగే దారి అది. హుజూర్‌నగర్‌లో ఉంటూ నది వైపు ఊళ్ళలో పాఠాలు చెప్పే టీచరమ్మలను పొద్దున తీసుకుపోవడం, సాయంత్రం తీసుకురావడం మొదలుపెట్టింది. నెల జీతం లెక్కన వాళ్ళే ఇచ్చేవాళ్ళు. బావలు అడ్డు చెప్పలేదు. "దసరా దాకా చూద్దాం," అన్నారు. మా వైపు ఆ మాటకు అర్థం, దసరా తర్వాత చూడం అని.

ఆ ఏడు దసరా ముందు రోజు బండిని నడుపుకుంటూ వచ్చింది ఆమే. గుంత మీద రెండు పక్కలా చక్రాలు సరిగ్గా పెట్టడం అందరికీ రాదు. ఒకాయన ఒకసారి ముందు చక్రాన్ని గుంతలోకే దింపి, ఇప్పుడు మీకు సులువు కదా అన్నాడు. ఆమె ఒక్కసారికే పెట్టింది. మా ఉస్తాద్ చూసి, "గింత సీదా నేను గూడ పెట్ట," అన్నాడు. ఆయన నోట్లోంచి మెచ్చుకోలు అంతవరకే వస్తుంది, ఆ తర్వాత మీసం అడ్డం వస్తుంది.

బావలిద్దరూ ఒక మోటార్‌సైకిలు మీద, మరిది ఇంకోదాని మీద వచ్చారు. నూనె తీశాం, బోల్టు బిగించాం, ఉస్తాద్ పైకి వచ్చాడు. పెద్దాయన దిగి గుంజి వచ్చాడు. రెండో ఆయన గుంజి వచ్చాడు. తర్వాత కాసేపు ఎవరూ దిగలేదు. మూడో వంతు ఎవరిది?

"నేను పోత అన్నా," అన్నాడు చిన్నాయన.

"నీది నువ్వు గుంజు. వానిది నేను గుంజుత," అన్నాడు పెద్దాయన.

మళ్ళీ దిగాడు. చనిపోయిన తమ్ముడి వంతు. తక్కువ చేయకూడదు కదా. ఉన్నప్పుడు చెయ్యి ఆనించి వచ్చేవాడి పేరు మీద, ఆయన తన ఒంట్లో ఉన్న బలం అంతా పెట్టి గుంజాడు.

చప్పుడేమీ రాలేదు. అదే భయం. మంచి బోల్టు బిగుసుకుంటే మూలుగుతుంది. మరలు, అంటే బోల్టును పట్టుకునే గాడులు, తెగితే వెన్నలో వేలు తిరిగినట్టు తిరుగుతుంది.

"ఉస్తాద్, ఇంకా తిరుగుతాంది," అన్నాడు పెద్దాయన కిందనుంచి.

"బిగుస్తాందా?"

"లే. తిరుగుతాంది. ఎంత తిప్పితే అంత తిరుగుతాంది."

"ఇగ తిప్పకు పటేలా," అన్నాను నేను. "ఊడి నీ చేతులకే వస్తది."

ఊడి చేతికే వచ్చింది. చాంబర్‌లో ఉండాల్సిన అల్యూమినియం మరలు బోల్టుకు వెండి తీగలా చుట్టుకుని ఉన్నాయి. పెద్దాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకి వచ్చి నిలబడ్డాడు. మాట్లాడింది రెండో ఆయన.

"ఇగ ఇంజన్ పోయినట్టే. మిర్యాలగూడల పాత సామాన్లోడు ఎప్పటిసంది అడుగుతుండు. పండుగైనంక తోలేద్దాం."

"అన్నా, అది ఒక్క బోల్టే గద," అన్నాడు చిన్నాయన.

"ప్రాణం గూడ చిన్న బొక్కల నుంచే పోతది."

ఆమె అప్పటిదాకా షెడ్డు ముందర టైరు మీద కూర్చుని ఉంది. లేచి రెండో ఆయన దగ్గరికి వచ్చింది.

"చిన్నబావ, సెలవులైనంక బడి తెరుస్తరు. టీచరమ్మలు ఎదురుచూస్తరు. ఒక్కరోజు పోకుంటే ఇంకో బండి మాట్లాడుకుంటరు, మల్ల నా మొఖం చూడరు."

"చూడకుంటే చూడకపాయె. వచ్చిన పైసలు ముగ్గురం పంచుకుంటం, నీకు గూడ ఎంతోకొంత..."

"నలుగురం," అంది ఆమె.

రెండో ఆయన మా ఉస్తాద్ వైపు చూశాడు, ఈ లెక్క మెకానిక్ చెప్పాలన్నట్టు. మా ఉస్తాద్ ఊక దులుపుకున్నాడు.

చివరికి పెద్దాయన నోరు తెరిచాడు. "బడి తెరిచే లోపట బాగైతే బండి ఉంటది. కాకుంటే అమ్ముదాం." అని, ఆమె వైపు చూడకుండా, "బాగైనంక బండి కింద అట్ట పరుద్దాం. అట్ట మీద చుక్క పడొద్దు. పడితే ఇగ మాట లేదు," అన్నాడు.

ఆమె నన్ను అడిగింది, "అన్నా, బాగైతదా?"

"అయితది," అన్నాను. మా ఉస్తాద్ అదే సమయంలో "చూద్దాం" అన్నాడు. ఆమె నా మాటే వినిపించుకుంది. అది నాకు పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది, ఎందుకంటే ఎట్లా అవుతుందో నేనింకా ఆలోచించలేదు.

మా ఉస్తాద్‌కు ఒక సిద్ధాంతం ఉండేది. కారడం ఆపలేకపోతే కారుతున్నట్టు కనపడకుండా చేయాలి అని. ఆ సాయంత్రమే బోల్టుకు తెల్ల టేపు చుట్టి, దాని మీద బంక పూసి, దేవుణ్ణి తలుచుకుని బిగించాడు. నూనె పోసి, ఇంజన్ ఆన్ చేయించి కింద వెల్లకిలా పడుకుని చూశాడు. చల్లగా ఉన్నంతసేపు ఒక్క చుక్క లేదు. "చూసినవా," అన్నాడు నాతో. ఇంజన్ వేడెక్కింది. నూనె పల్చబడింది. మొదటి చుక్క సరిగ్గా ఆయన నుదుటి మీద బొట్టు పెట్టినట్టు పడింది.

"చూసిన," అన్నాను.

కొత్త చాంబర్ కోసం హైదరాబాద్‌కు ఫోను చేశాం. అవతలి మనిషి మోడలు పేరు విని, చనిపోయినవాళ్ళ పేరు విన్నట్టు కాసేపు ఆగి, "అది బందయ్యి ఎన్నేండ్లయింది భాయ్," అన్నాడు. పెద్ద సైజు బోల్టు వేద్దామన్నాడు ట్రాక్టర్ల మెకానిక్ ఒకడు. ట్రాక్టరు బోల్టు తెచ్చి చూపించాడు కూడా. అది బిగిస్తే బోల్టుకు కారు తగిలించినట్టు ఉండేది.

మిగిలిన దారి ఒకటే. చాంబర్ మొత్తం విప్పి కిందికి దింపాలి. తెగిన బొక్కను పెద్దది చేయాలి. అందులో లోపల కొత్త మరలున్న చిన్న గొట్టం ముక్కను, అంటే ఇత్తడి బుష్‌ను కూర్చోబెట్టాలి, పాత బోల్టు మళ్ళీ అందులోకే ఎక్కేటట్టు. బుష్‌కు ఒక అంచు ఉంచి, దాన్ని చాంబర్ లోపలి వైపు నుంచి ఎక్కించాలి. ఎందుకంటే బోల్టును బిగించేకొద్దీ అది బుష్‌ను బయటికి గుంజుతుంది. లోపల అంచు ఉంటే ఎంత గుంజినా అది గోడకు ఆనుకుంటుంది గానీ ఊడి రాదు. గుంజే మనుషులను నేను కళ్ళారా చూశాను కాబట్టి ఆ అంచును కొంచెం మందంగానే పెట్టమనాలి అనుకున్నాను.

బుష్ చేయాల్సింది లేతు మిషన్ మనిషి. పక్క సందులోనే. మంచివాడు, నిదానస్తుడు, రోజుకు మూడు మాటల కన్నా ఎక్కువ ఖర్చు పెట్టడు. దసరా మరునాడు పోతే ఆయన మిషన్‌కు బంతిపూల దండ, పసుపు, కుంకుమ. ఆయన స్టూలు మీద కూర్చుని మిషన్‌ను చూస్తున్నాడు.

"ఒక బుష్ కావాలె," అన్నాను.

"ఇయ్యాల కాదు."

"ఎందుకు?"

"పూజైనంక మొదటి పని కొత్తదుండాలె. రిపేరు పని బోణి జెయ్య. ఏడాదంత రిపేర్లే వస్తయి."

ఆయనకు ఏడాదంతా వచ్చేవి రిపేర్లే. ఆ సంగతి నేను ఎత్తలేదు. ఆయన నమ్మకం మీద మూడు మాటల మనిషి అన్ని మాటలు పెట్టాడంటే అది గట్టిదే. నేను ఆయన పక్కన ఇంకో స్టూలు లాక్కుని కూర్చుని మిషన్ వైపు చూశాను. కాసేపు ఇద్దరం చూశాం.

"బుష్ కొత్తదే గద అన్నా," అన్నాను. "ఇత్తడి కడ్డీల నుంచి పుడుతది. ఇదివరకు లోకంల లేదు. పోయి పాత బొక్కల కూసుంటది గని, అది దాని తలరాత. నీ చేతుల ఉన్నంతసేపు కొత్తదే."

ఆయన లేచి దండ తీసి మేకుకు తగిలించాడు. "రిపేరు నీది," అన్నాడు. "కొత్తది నాది." ఆ బుష్‌ను ఆయన ఎంత నునుపుగా చేశాడంటే, దాన్ని నూనెలో దాచేయాల్సి వస్తుందని నాకు బాధనిపించింది.

చాంబర్ దింపడం, కడగడం, బొక్క పెద్దది చేయడం, మరలు కోయడం ఉస్తాదూ నేనూ చేశాం. మీకు చెప్పదగ్గది ఒక్కటే ఉంది. మరలు కోసేటప్పుడు రాలే అల్యూమినియం పొడిని ఒక్క రవ్వ కూడా లోపల వదలకండి. కడిగాను అని మనసు చెప్పినా ఇంకోసారి కడగండి. మనసు బద్ధకస్తురాలు. చాంబర్‌కూ ఇంజన్‌కూ మధ్య ఉండే పాత గాస్కెట్ చినిగిపోయింది, కొత్తది దొరకదు. కార్కు షీటు తెచ్చి చాంబర్ అంచు పెట్టి గీసి, కత్తెరతో కోశాం. మా ఉస్తాద్ దాన్ని కోసినంత శ్రద్ధగా దర్జీ కూడా కోయడు. టేపు దాటి చుక్క ఆయన నుదుటి మీద పడినప్పటి నుంచి ఆయన ఒక్క సిద్ధాంతం కూడా చెప్పలేదు.

సెలవుల చివరి రోజు పొద్దున అందరూ వచ్చారు. చాంబర్ ఎక్కించి ఉంది, కొత్త వాషరు పెట్టి బోల్టును చేత్తో తిప్పి వదిలాను. చివరి బిగింపే మిగిలింది. చూస్తే అన్నదమ్ములు ముగ్గురూ చొక్కా చేతులు మడుచుకుంటున్నారు.

మీరు ఒక్కసారి ఊహించండి. కొత్త బుష్, కొత్త మరలు, దాని ముందు వరుసలో ముగ్గురు పటేళ్ళు, నాలుగో వంతు కూడా లెక్కలో ఉంది.

"ఈసారి గుంతలకు ఎవ్వరు దిగొద్దు పటేలా," అన్నాను.

"చెయ్యి పడకుంటే ఎట్ల?" అన్నాడు పెద్దాయన.

"చెయ్యి పడాలె. ఎందుకు పడొద్దు. చక్రాల నట్లున్నయి. ఇవి మీసొంటోళ్ళ కోసమే పుట్టినయి. ఎంత గుంజితే అంత మంచిది."

పెద్ద పానా తెచ్చి చేతికిచ్చాను. వాళ్ళు చక్రాల చుట్టూ తిరిగి నట్లన్నీ మనసారా గుంజారు. రెండో ఆయన వెనుక టైర్ల నట్లు తనే గుంజాడు, టైరు వంక మాత్రం చూడలేదు. చొక్కాలు తడిశాయి. ముఖాలు శాంతించాయి. నేను గెలిచాననుకున్నాను. కానీ రైతుతో వాదం అంత తొందరగా అయిపోతే నేను మెకానిక్ కాకుండా వకీలునే అయ్యేవాణ్ణి.

"అంత మంచిదే," అన్నాడు పెద్దాయన చెమట తుడుచుకుంటూ. "చక్రం ఊడితే మా మీద మాట. మరి నూనె కారితె? ఒక్కరి చెయ్యి పడితే మాట ఒక్కరి మీదనే పడతది. ఎవరి మీద ఏసుకుంటం?"

"నా మీద ఎయ్యి," అన్నాడు మా ఉస్తాద్.

"నువ్వు ఇంటోనివి గావు. నిన్ను తిడితే ఏమొస్తది?"

ఇది కూడా సబబే. 

"నా మీద ఎయ్యి పెద్దబావ," అంది ఆమె.

అందరూ అటు తిరిగారు. ఆమె గొంతేమీ పెంచలేదు. వంట గదిలోంచి ఉప్పు అడిగినట్టు అంది.

"కారితె నేను బిగించిన, కారింది. ఇంజన్ పట్టేస్తె నా వల్లనే పట్టేసింది. దారిల ఆగితే దారిల నేనే కూసుంట. మీ ఎవ్వరి ఇంటికి రాను, ఎవ్వరిని అడగ."

"గట్లనంటే ఎట్ల," అన్నాడు రెండో ఆయన. "బండి ఒక్కదానిదే అయినట్టు మాట్లాడుతున్నవ్."

"మాటంత నా మీదికి వచ్చినంక బండి ఎవరిదైతది చిన్నబావ? మాట పడెటోళ్ళది గాదా?"

చిన్నాయన నేల చూశాడు. "వదినె చెప్పింది కరెక్టే అన్నా," అన్నాడు మెల్లగా, ఎవరికీ వినపడకపోతే బాగుండునన్నట్టు. వినపడింది.

తమ్ముళ్ళారా, నాకు అప్పుడు అర్థమైంది. అన్నేళ్ళూ వాళ్ళు ఆ బోల్టును గుంజింది గట్టిగా ఉండాలని కాదు. తప్పు జరిగితే అది ఎవరిదీ కాకుండా పోవాలని. ఆ భారమంతా మోసింది పాపం వేలెడు బోల్టు. ఇప్పుడు మీకు టార్క్ పానాలు వచ్చాయి, ఎంత బిగించాలో చూపి, చాలు అని టక్‌మంటాయి. అన్నదమ్ములకు అటువంటిది ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

పెద్దాయన చేతిలో ఉన్న పెద్ద పానాను చూశాడు. దాన్ని నాకు ఇచ్చేసి, గుంత వైపు చూపించి, "దిగు బిడ్డా," అన్నాడు.

ఆమె కొంగు నడుముకు దోపుకుని దిగింది. నేను పక్కనే దిగి చిన్న పానా ఇచ్చాను. పెద్దదిస్తే ఎవరికైనా గుంజబుద్ధవుతుంది.

"వాషరు ఆనినట్టు చేతికి తెలుస్తది. ఆనినంక ఇంకా జర. మణికట్టుతోని, భుజంతోని కాదు," అన్నాను.

"జర అంటే ఎంత?"

"సీసా మూత పెట్టి, పిల్లలు తియ్యకుండ ఇంకొంచెం తిప్పుతవ్ సూడు. అంత."

తిప్పింది. ఆగింది. నా వైపు చూసింది. నేను తలూపాను. పైనుంచి రెండో ఆయన, "గంతేనా?" అన్నాడు. "గంతే," అంది ఆమె.

కొత్త నూనె పోశాం. ఆమె కాలువ కట్ట దాకా నడుపుకుపోయి, ఇంజన్ బాగా వేడెక్కాక తిరిగి వచ్చింది. బండిని గుంత మీద కాకుండా చదును జాగాలో ఆపి, కింద అట్ట పరిచాం. ఎవరో కొన్న ఫ్యాను డబ్బా అట్ట. దాని చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. టీ తెప్పించారు. దారిన పోయేవాళ్ళు ఆగి, ఏం చూస్తున్నరు అని అడిగితే, "అట్ట" అని చెప్పాడు మా ఉస్తాద్. వాళ్ళూ కాసేపు చూసి పోయారు.

టీ రెండోసారి వచ్చేసరికి అట్ట మీద చుక్క పడింది.

"పడ్డది," అన్నాడు రెండో ఆయన. సంతోషంగా అన్నాడని చెప్పలేను. కానీ అందరికంటే ముందు అన్నాడు.

బుష్ పక్కనుంచా, గాస్కెట్ నుంచా, ఎక్కడ పోయింది? నేను లేచేలోపే ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అట్ట బయటికి లాగి, చుక్కను వేలితో తీసింది. బొటనవేలుతో రాసి చూసింది. వెలుతురుకు పట్టింది.

"పెద్దబావ, గిటు సూడు. పొద్దుగాల పోసిన నూనె ఎట్లుండె?"

"తేనె లెక్కుండె."

"ఇదెట్లుంది?"

పెద్దాయన ఆ వేలును దగ్గరికి తీసుకుని చూశాడు. కాటుకలా ఉంది. రెండో ఆయన కూడా వంగి చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదేమో ఆయనకు.

నేను గుడ్డ పట్టుకుని కిందికి దూరాను. బోల్టు చుట్టూ వేలు పెట్టి తుడిచాను, పొడిగా ఉంది. పైన, ఇంజన్‌ను మోసే అడ్డ కమ్మీ సందులో ఏళ్ళ తరబడి పేరుకున్న పాత మడ్డి, ఇంజన్ వేడికి కరిగి జారుతోంది. ఎన్ని దసరాల నూనెనో. అంతా తుడిచి, గుడ్డను బయట ఉన్నవాళ్ళకు చూపించి, అట్టను తిప్పి మళ్ళీ పరిచాను.

"పొద్దుగూకే దాక సూద్దాం," అన్నాడు పెద్దాయన.

చూశాం. ఎండ మిల్లు గొట్టం వెనక్కి పోయింది. ఊక మాత్రం పడింది అట్ట మీద. ఇంకేమీ పడలేదు.

రెండో ఆయన మొదట లేచాడు. పొలంలో మోటారు బంద్ చేయాలని ఏదో అని, తన మోటార్‌సైకిలు స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు. పెద్దాయన వచ్చింది ఆయన వెనుక కూర్చునే. ఆ సంగతి ఇద్దరికీ బండి మలుపు తిరిగాక గుర్తొచ్చినట్టుంది, కానీ అది ఆగలేదు. చిన్నాయన అంతకుముందే పురుగు మందుల దుకాణానికి పోయాడు.

ఆమె అట్ట తీసి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, స్టీరింగు ముందు కూర్చుంది. పెద్దాయన బండి దగ్గరికి వెళ్ళాడు. ముందు సీటు తలుపు మీద చెయ్యి పెట్టాడు. ఆ తలుపును ఆయన ఎన్నిసార్లు తీసి కూర్చున్నాడో లెక్కలేదు, ఎవరినీ అడిగి కూర్చోలేదు. ఈసారి చెయ్యి అక్కడే ఉంచి, కిటికీలోంచి వంగి, "నన్ను ఊరి కాడ దింపుతవా బిడ్డా?" అని అడిగాడు.

ఆమె తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేసింది.

"ఎక్కు పెద్దబావ," అంది. "తలుపు జర మెల్లగ ఎయ్యి."

ఆయన ఎక్కి తలుపు వేశాడు. ఎంత మెల్లగా వేశాడంటే అది పడలేదు. మళ్ళీ తీసి వేయాల్సి వచ్చింది.